గీత మీద పడని చుక్కలు

ఇబ్రహీంపట్నంలో డిప్లొమా చదివే రోజుల్లో మా ల్యాబ్‌లో ఒక అలవాటుండేది. గ్రాఫ్ కాగితం మీద ముందు గీత గీసుకునేవాళ్లు, తర్వాత దాని మీద చుక్కలు పెట్టుకునేవాళ్లు, చివరికి ఆ చుక్కలు చూసి కొలతలు రాసుకునేవాళ్లు. స్ప్రింగుకు బరువు తగిలించే పనే లేదు.

అది చూస్తే నాకు ఒళ్లు మండేది. నేను ఒక్కో బరువూ తగిలించి, స్ప్రింగు ఎంత సాగిందో చూసి చుక్క పెట్టాను. చుక్కలు అటొకటి ఇటొకటి పడ్డాయి. వాటి మధ్యగా నల్లదారం లాగిపట్టి, రెండు పక్కలా చుక్కలు సమంగా వచ్చేదాకా జరిపి, దాని వెంటే గీత గీశాను. అది ఒక్క చుక్కనూ తాకలేదు.

ల్యాబ్ సార్ చూసి గ్రాఫ్‌ను అడ్డంగా కొట్టేశారు. "అందరియి గీత మీదనే ఉన్నయి. నీయి ఎందుకు లేవు? మల్ల చెయ్యి."

మళ్లీ చేశాను. చుక్కలు మళ్లీ గీత పక్కనే పడ్డాయి. నా బెంచీ అమ్మాయి రబ్బరు నా ముందుకు జరిపింది. "జర తుడిచి గీత మీద పెట్టుకోరాదే. మన్నెగూడ బస్సు పోతది."

"పోతే పోనీ," అన్నాను.

గ్రాఫ్ తీసుకెళ్లి సార్ ముందు పెట్టాను. "ఈసారి బరువు మీరే తగిలియ్యిండ్రి సార్. మీరు చెప్పిన కాడనే చుక్క పెడత."

ఆయన విసుగ్గా లేచి వచ్చారు. బరువు తగిలించి, కళ్లద్దాలు సర్దుకుని, స్కేలు మీద ముల్లు చూసి అంకె చెప్పారు. నేను చుక్క పెట్టాను. అది గీతకు కొంచెం పైన పడింది.

నేను రబ్బరు ఆయన ముందుకు జరిపాను.