పెద్దమామ తినేదాకా

మెడలో గుర్తింపు కార్డు వేలాడితే చాలు, మనిషి సగం ఇంజనీరు అయిపోయినట్టే అనుకునే రోజులవి. నంద్యాలలో ఒక పెద్ద ఆసుపత్రిలో, అద్దాల గదిలో ఉండే మిషన్లకు నేను కాపలా. ఆ ఉద్యోగం ఇప్పించింది ఆళ్లగడ్డలో ఉండే మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు. ("మావోడు కంప్యూటర్లకు డాక్టరు" అని ఆయన ఊరంతా చెప్పుకునేవాడు. నేను కాదనేవాణ్ణి కాదు.) ఆ డాక్టరుకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఎర్రదీపం వెలిగితే రోగం, వెలగకపోతే ఆరోగ్యం.

స్కానింగు బొమ్మలు, రోగుల పాత కాగితాలు అన్నీ స్టోరేజీ అనే ఒకే పెద్ద పెట్టెలో ఉండేవి. నాలుగు సర్వర్లు, మధ్యలో ఉన్న స్విచ్చి అనే ఒక చిన్న పెట్టె ద్వారా, తమకు కావలసింది అందులోంచి తెప్పించుకుని డాక్టర్ల తెరలకు పంపేవి. నాలుగింట్లో ఒకటి ముసలిది, పాత రికార్డుల కోసం ఉంచింది. ఉన్నట్టుండి ఒక వారం పొద్దునపూట బొమ్మలు తెరుచుకోవడం మానేశాయి. నేను స్టోరేజీని అనుమానించాను. డిస్కు మార్చాను. తీగలు పీకి మళ్లీ గుచ్చాను. ముసలి సర్వరు జోలికి మాత్రం పోలేదు. పాపం, దానికి ఎర్రదీపమే లేదు, దాని మీద ఒక్క ఫిర్యాదూ లేదు. ఆ గదిలో బుద్ధిమంతురాలు అదొక్కటే అనుకున్నాను.

ఆ వారంలోనే మామ బైకు మీద నుంచి పడ్డాడు. తలకు దెబ్బ, మా ఆసుపత్రికే తెచ్చారు. స్కానింగు అయిదు నిమిషాల్లో అయింది, పై అంతస్తులో డాక్టరు తెర మీద మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. "ఏందప్పా ఇది? ఆడ ఆయప్ప తలకాయ పగిలి పండుకోనుండాడు, ఈడ నీది తిరుగుతాండాది" అన్నాడాయన. "రెండు నిమిషాలు సార్" అన్నాను. ఆ రెండు నిమిషాలు ఇరవై సార్లు గడిచాయి. చివరికి డాక్టరే కిందికి దిగి, స్కానింగు గదిలోనే బొమ్మ చూసి, కర్నూలుకు పంపమన్నాడు. మూడో రోజు మామ పోయాడు. "ముందే చూసినా ఇంతేనప్పా, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు డాక్టరు. ఇలాంటివి మనసులో కాక ఇంకెక్కడ పెట్టుకుంటామో ఆయన చెప్పలేదు.

ఆళ్లగడ్డలో దినం భోజనాలు. మా బంతిలో చివర కూర్చున్నది మామ అన్న, మా పెద్దమామ. నోట్లో ఒక్క పన్ను లేదు. వరసలో పెద్దవాడు తిని లేవనిదే మాలో ఎవరూ లేవరు. మా విస్తర్లు ఖాళీ అయ్యాయి, చేతులు ఎండిపోయాయి, రెండో బంతివాళ్లు కుర్చీల వెనక ఆకలితో నిలబడ్డారు. పెద్దమామేమో "ఇంకొంచెం పప్పు ఎయ్యప్పా" అంటున్నాడు. అన్నీ వేయించుకుంటున్నాడు, గొంతు దిగడానికే ఆలస్యం. వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు: "వంట కాలేదా ఏంది?" వడ్డించేవాడు బకెట్టు కింద పెట్టి, "వంట యెప్పుడో అయిండాది. ఈడ ఆకు ఖాళీ అయితేగదా" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. దోషం వంటింట్లోనూ లేదు, బకెట్టులోనూ లేదు. ముసలి సర్వరు అన్నీ అడుగుతుంది, అంత వేగంగా తీసుకోలేదు. అది తీసుకోనిదంతా స్విచ్చిలో నిలబడితే, దాని వెనక అందరివీ నిలబడతాయి. దానికేం, అడిగింది వస్తూనే ఉంది, ఎర్రదీపం ఎందుకు వెలుగుతుంది? ఇన్నాళ్లుగా వెతుకుతున్నది దొరికిన ఆనందంలో, చావు భోజనం మధ్యలో, నేను పెద్దగా నవ్వాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

"మీ మామ దినం నాడు నగుతాండావా?" అంది అత్త. తప్పించుకునే దారి లేక, నిజమంతా చెప్పాను. పెద్దమామ చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది.

"అంటే మీ మామ బొమ్మ, ఆ ముసిలిదాని యెనక నిలబడిండెనా?" అంది అత్త.

"అవునత్తా."

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"మీ మామకు యాడా నిలబడి కాసుకోవడం చాతకాదు గదరా" అంది. తర్వాత పెద్దమామ వైపు తిరిగి, "నువ్వు తిను బావా" అంది.

మర్నాడు ముసలి సర్వరుకు వేరే దారి పెట్టాను, అడిగినంతా ఒకేసారి పోకుండా కట్టడి చేశాను. అరగంట పని. బొమ్మలు చిటికెలో తెరుచుకున్నాయి. ఆసుపత్రిలో అందరూ మెచ్చుకున్నారు. (ఆ మెప్పు తీసుకుని ఊరుకున్నాను. అదొకటి.)

ఇప్పుడు నాకూ రెండు దవడపళ్లు పోయాయి. పెళ్లిళ్లలో చివరి విస్తరి నాదే. సగం తిని చెయ్యి కడుక్కోబోతే మా ఆవిడ ఆపుతుంది: "నిదానంగా తిను, ఎవురూ తరమడం ల్యా." ఆ కార్డు మెడలో వేసుకుని "రెండు నిమిషాలు సార్" అన్న పిల్లవాడు గుర్తొచ్చి, నవ్వుకుంటాను. అయినా ఒకసారి వెనక్కి తిరిగి, నా కుర్చీ వెనక ఎవరు నిలబడ్డారో చూసుకున్నాకే ముద్ద ఎత్తుతాను.