అండా తాగిన వేడి

ఆ రోజుల్లోనే దీన్ని రాసిపెట్టి ఉండాల్సింది, కాని నాకు అక్షరాలు రావు. బడి అరవంలో, ఇల్లు తెలుగులో, నేనేమో రెంటికీ దొరక్కుండా మేకల వెంట. యాభై దాటాక మనవరాలి పలక మీద దిద్దుకున్నాను. (ఇప్పటికీ ఒత్తులకు ఆ పిల్లే మార్కులు కోస్తుంది.)

పందొమ్మిదేళ్లప్పుడు తిరుత్తణి కొండ కింద ఒక సత్రంలో నీళ్లు కాచేదాన్ని. గుండ్లు కొట్టించుకునే యాత్రికులకు తెల్లారేసరికి పెద్ద ఇత్తడి అండా నిండా వేణ్ణీళ్లు ఉండాలి. ఇంట్లో నా మాట ఎవరైనా వింటున్నారంటే అది ఆ పొయ్యి తెచ్చే కూలి పుణ్యమే. సత్రం చూసుకునే మామకు కట్టెలు త్వరగా అయిపోతున్నాయని అనుమానం వచ్చింది. తిరువళ్లూరులో సైన్సు అయ్యవారుగా ఉన్న మా అక్క మొగుణ్ణి పిలిపించాడు. బావ బొగ్గుముక్కతో పొయ్యి పక్క గోడ మీద లెక్క మొదలుపెట్టాడు.

"నీళ్లు నూరు కిలోలు. కిలో నీళ్లు ఒక డిగ్రీ ఎక్కాలంటే ఒక పెద్ద కేలరీ. నలభై డిగ్రీలు ఎక్కాల. నాలుగు వేలు. కట్టె ఒకటి కిలో ఉంటాది, అది కాలితే మూడున్నర వేలు వస్తాది. రెండు కట్టెలు చాలును మామా, ఈమె ఇరవై పెడతా ఉండాది."

"రేపు రెండిటితో కాగితే పొయ్యి కాడ వేరే మనిషిని పెడతా," అన్నాడు మామ.

గోడ మీద అంకెలు నాకు చీమల బారు. అయినా పొయ్యి వదిలేది లేదనుకున్నాను. "బావా, అండా తాగే వేడి యాడ రాసినావు? ఇద్దరు పట్టి ఎత్తే బరువది. సగం దానికే."

ఆయన నవ్వకుండా అదీ రాశాడు. "ఇత్తడి విశిష్టోష్ణం నీళ్లదాంట్లో పదో వంతు కూడా లేదు. ఇరవై కిలోల అండాకు డెబ్బై రెండు. పిడికెడు చితుకులు. ఇంకేమన్నా ఉండాదా?"

మర్నాడు రెండే కట్టెలు పెట్టాం. చెంబు పోసుకున్న ముసలావిడ ఒకామె, "ఇది కొళాయిదా, పొయ్యి మీదదా?" అని అడిగింది. బావ లెక్కను మూడుసార్లు చూసుకున్నాడు. తప్పు లేదు. గెలిచానని ఎగరబోయి ఆగాను. అండా మీద నేను వేసిన నింద కూడా తప్పే కదా. మరి వేడి ఎక్కడికి పోయింది? ఖాళీ పొయ్యి ముందే కూర్చుని, రోజూ మాడి నల్లబడ్డ నా కాళ్లు రుద్దుకుంటుంటే తట్టింది.

"బావా, నా కాళ్లు తాగినాయి. గోడ తాగింది. గాలి తాగింది."

ఆయన పంచె ఎగ్గట్టి మట్టి తొక్కాడు. సాయంత్రంలోగా అండా చుట్టూ మెత్తి, కట్టె దూరేంత నోరు మాత్రం వదిలాను.

మరుసటి పొద్దున తొమ్మిది కట్టెలకు నీళ్లు పొగలు కక్కాయి. రెండూ కాదు, ఇరవయ్యీ కాదు. మామ వేరే మనిషి మాట ఎత్తలేదు. "నా లెక్కకు మించిన ఏడు కట్టెల్నీ ఏమని రాయాల?" అని బావ నన్నే అడిగాడు. ఇప్పుడైతే ఒత్తులు అటూ ఇటూ అయినా అక్షరాల్లోనే రాసి ఇచ్చేదాన్ని, కాని అది చదివి ఎవరికీ నవ్వు రాదు. ఆ పొద్దున మాత్రం బొగ్గు లాక్కుని, ఆయన నాలుగు వేల కింద రెండు కాళ్లు గీశాను, పట్టీలతో సహా.