నేను కుట్టని జాకెట్లు

మొన్న ఉప్పల్‌లోని నా కుట్టు దుకాణానికి ఒక కొత్త పెళ్లికూతురు జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చింది. నేను భుజం మీద టేపు పెట్టి కొలుస్తుండగానే ఫోను మోగితే, స్పీకరు పెట్టి భర్తకు ఓటీపీ అంకెలు ఒక్కొక్కటే చదివి చెప్పింది. దేనికమ్మా అని అడిగితే, తన పేరు మీద ఏదో టాక్స్ రిటర్న్ వేస్తున్నారట, అవన్నీ ఆయనే చూసుకుంటారు అని నవ్వింది. నా చేతిలో టేపు అక్కడే ఆగిపోయింది, కొలత మళ్లీ మొదటినుంచి తీసుకోవలసి వచ్చింది.

మన వయసు ఆడవాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలిరోజుల్లో పాన్ కార్డంటే ఇంట్లో మగవాళ్ల జేబులో ఉండే వస్తువు. నాకు మాత్రం పెళ్లయిన మరుసటి ఏడే వచ్చింది. మా ఆయనకు మల్లాపూర్‌లో లేత్ మిషన్ల షెడ్డు ఉండేది, మా కాపురం నాచారంలో. మా ఆడబిడ్డ భర్త ఏఎస్ రావు నగర్‌లో పన్ను లెక్కల ఆఫీసు నడిపేవాడు, వరసకు అన్న కాబట్టి నేను అన్నా అనేదాన్ని, ఆయనా నన్ను నోరారా చెల్లె అనేవాడు. షెడ్డు లాభమంతా ఒక్కరి పేర చూపిస్తే పన్ను ఎక్కువవుతుందనీ, ఆడవాళ్లకు మినహాయింపు కాస్త పెద్దది కనుక అందులో కొంత నా సంపాదనగా చూపిద్దామనీ ఆయనే సలహా ఇచ్చాడు. ఏం సంపాదన అని రాయాలన్న మాట వచ్చినప్పుడు నా చీర వైపు ఒకసారి చూసి, కుట్టుపని అన్నాడు. ఆ చుట్టుపక్కల వ్యాపారుల భార్యల్లో చాలామంది ఆయన ఫైళ్లలో కుట్టుపనివాళ్లో, ట్యూషన్లు చెప్పే పంతులమ్మలో అయిపోయారు, వాళ్లలో ఒకావిడకు సంతకం తప్ప వేరే అక్షరమే రాదు.

నాకేమో అప్పటికి ఊడిన గుండీ కుట్టుకోవడం కూడా సరిగా రాదు. ఏటా జూలైలో అన్న కాగితాలు పట్టుకుని వచ్చేవాడు, నేను చాయ్ పెట్టి, పెన్సిల్ గీత ఉన్నచోటల్లా సంతకాలు చేసేదాన్ని. ప్రతిసారీ అదే మాట, "ఈ యేడు ఎన్ని జాకెట్లు కుట్టినవ్ చెల్లె?" ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు, వాళ్లతో పాటు నేనూ నవ్వేదాన్ని, పిచ్చిదాన్ని, ఆఫీసరమ్మనైనట్టు లోలోపల మురిసిపోయేదాన్ని కూడా. పన్ను ఆఫీసువాళ్లెవరన్నా వచ్చి చూస్తే బాగుండదని అన్నే ఒక పాత కుట్టుమిషన్ కొనిపించి హాల్లో పెట్టించాడు. ఒకరోజు సరదాగా తొక్కబోతే ఖరాబు చేస్తావని అత్త తిట్టి, దానిమీద గుడ్డ కప్పి పూలకుండీ పెట్టింది.

అన్న తెలివి అక్కడితో ఆగలేదు. ఇల్లూ, షెడ్డు ఉన్న జాగా అత్త పేరుకు మార్పించి, ఆమె తర్వాత అవి కొడుక్కే చెందేట్టు వీలునామా కూడా రాయించాడు. ముందుచూపున్న మనిషని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఒక్క ఆస్తికీ నా పేరు తగలనివ్వకుండా, సంపాదనకు మాత్రం తగిలించిన ఆ ముందుచూపును నేనూ మెచ్చుకున్నదాన్నే.

తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజుల్లో మా ఆయన పీర్జాదిగూడలో ఇంకొకామెతో ఇల్లు పెట్టాడు. పిల్లల్లేరన్నది సాకు. నన్ను ఉప్పల్‌లో మా తమ్ముడి రెండు గదుల ఇంట్లో దింపిపోయాడు, మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. తమ్ముడి భార్య కంచంలో అన్నం పెట్టే తీరు చూసి, భరణం కోసం కోర్టుకెక్కాను. నెలనెలా చేతికి కొంచెం వస్తే ఒక గది అద్దెకు తీసుకుని, ఎవరి మొహం చూడకుండా తినాలన్నదే నా ఆశ. బందులతో వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి రాష్ట్రం వచ్చిన ఏడాదే కేసు విచారణకు వచ్చింది.

అవతలి వకీలు లేచి, ఏళ్ల తరబడి నేను సంతకాలు చేసిన రిటర్నులు జడ్జిగారి ముందు పెట్టాడు. ఈమెకు సొంత సంపాదనుంది, భరణమెందుకు అన్నాడు. అదంతా ఉత్తదే అని చెప్పమని నా వకీలమ్మ చెయ్యి పట్టుకుని గోజారాను. అబద్ధమంటే, ఏటేటా ఆ అబద్ధం మీద సంతకం పెట్టి సర్కారును మోసం చేసింది నువ్వే అవుతావమ్మా అని ఆమె తల దించుకుంది. ఆ తర్వాత అన్న సాక్ష్యానికి వచ్చాడు. నా వైపు ఎప్పటిలాగే ఆప్యాయంగా చూసి, "మా చెల్లె చేతిల మంచి పని ఉన్నది సార్, గల్లీ అంత ఆమె తాననే కుట్టిపిచ్చుకుంటది" అన్నాడు. ఆ చెల్లె అనే పిలుపు కంటే చెంపదెబ్బ నయమనిపించింది.

నా దరఖాస్తు కొట్టేశారు. బయట మెట్ల దగ్గర మా ఆయన నా మొహం చూడకుండా మా తమ్ముడితో, "మిషన్ ఆమెదే గద, తీస్కపొమ్మను" అన్నాడు. అంతటి ధర్మాత్ముడు. ట్రాలీ ఆటోలో తెచ్చుకున్నాను, తుప్పుకు తొక్కుడు పలక కదలలేదు, బెల్టు చేతికి పొడిపొడిగా రాలింది. బాగు చేయించి, పక్క వీధిలో కుట్టే ముసలావిడ దగ్గర నేర్చుకున్నాను, తమ్ముడి భార్య జాకెట్టే మొదట పాడు చేశాను. గది మాత్రం తీసుకున్నాను, అందుకు కొన్నేళ్లు పట్టింది. ఇప్పుడు కళ్లు మసకలు, సూదిలో దారం ఎక్కించమని వచ్చినవాళ్లనే అడుగుతున్నాను. పెళ్లిళ్ల కాలంలో ఎంత ఒళ్లు వంచినా, చాయ్ తాగుతూ అన్న నా పేర రాసిపడేసిన సంపాదనను ఒక్క ఏడూ అందుకోలేకపోయాను.

మన రోజుల్లో మోసానికి కూడా మనిషి ఇంటిదాకా రావలసి వచ్చేది, కలం మన చేతికే ఇచ్చేవాడు, చదువుదామనుకుంటే కాగితం ఎదురుగా ఉండేది. ఇప్పుడు ఫోను ఒకసారి మోగితే చాలు. ఆ పిల్లను ఫోను పెట్టెయ్యనివ్వలేదు, నీ పేర ఏం పని రాస్తున్నాడో కనుక్కోమన్నాను. అడిగింది. ఇంట్లో ట్యూషన్లు చెబుతున్నట్టు అని స్పీకర్లో వినబడింది. తనకు పిల్లల గోలంటేనే తలనొప్పట, పగలబడి నవ్వింది, అచ్చం నేను నవ్వినట్టే. మధ్యాహ్నాలు వచ్చి కూర్చోమ్మా, కుట్టుపని నేర్పిస్తాను, డబ్బులొద్దు అన్నాను.

"నాకేం అవసరం ఆంటీ?" అంది.