వఫ్రా తోటలో ‘ఏవండీ’

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లతో నేను వాదనకు కూడా దిగను, జాలిపడి ఊరుకుంటాను. భవనాలకు ఏసీ గొట్టాల డ్రాయింగులు గీసే ఉద్యోగం నాది. ఎక్కడ ఏ చప్పుడు వినిపించినా అది ఏ ఫ్యానుదో, ఏ పైపుదో కనిపెట్టడం నా పనిలో భాగం. అలాంటి నేను ఈ సంగతి రాస్తున్నానంటే, వెతకాల్సిన చోటల్లా వెతికి ఓడిపోయాకే రాస్తున్నానని నమ్మండి.

మేం కువైట్‌లోని హవల్లీలో ఉంటాం. నా భార్య సుధ అక్కడే ఒక స్కూల్లో టీచరు. ఏళ్ల తరబడి అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. గట్టిగా మాట్లాడొద్దని, కొన్నాళ్లు నెమ్మదిగా బతకమని డాక్టరు చెప్పాడు.

"సగం గొంతు పిల్లల మీద పోయింది, మిగతా సగం నీ మీద పోయింది" అంది సుధ. వంటింట్లోంచి తనెన్ని కేకలు వేసినా, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో నేను కదలనని ఆమె ఫిర్యాదు. ఉద్యోగం మానేసి రాజోలులో వాళ్ల అక్క దగ్గరికి వెళ్లిపోతానంది. "నువ్విక్కడే ఉండి నీ గొట్టాలు గీసుకో" అని కూడా అంది.

ఎలాగైనా ఆమెను ఆపాలనుకున్నాను. మా ముదీర్‌కు, అంటే ఆఫీసు పెద్దాయనకు, ఊరికి దూరంగా వఫ్రాలో ఒక తోట ఉంది. చలికాలమంతా అందులోని రెండు గదుల ఇంట్లో ఉండి, లాప్‌టాప్‌లో పని చేసి పంపిస్తానని ఆయన్ని బతిమాలి ఒప్పించాను. స్కూలుకు సెలవు పెట్టిన సుధతో ఒప్పందం ఒకటే. ఎండలు ముదిరేలోపు ఈ బతుకు నచ్చితే ఆమె కువైట్‌లో నాతోనే ఉంటుంది. నచ్చకపోతే రాజోలు టికెట్టు.

తోటలో ఖర్జూరాల వెనక, ఇసుక గాలికి అడ్డంగా పెంచిన చెట్లు మన సరుగుడు తోపులా గుబురుగా ఉండేవి. సుధ దాన్ని అడవి అనేది. ఆ అడవి పక్కన మాకు కోళ్లు, టమాటా మళ్లు, గోంగూర, కట్టెల పొయ్యి. నెమ్మదైన జీవితమంటే పడక్కుర్చీ అనుకున్నాను. అన్ని పనులూ మనమే చేసుకోవడమని తర్వాత తెలిసింది. టీ కావాలంటే ముందు కట్టెలు కొట్టాలి. అది మరిగేసరికి టీ మీద మోజు పోయేది. చేతులు బొబ్బలెక్కాయి. కోడిపుంజు నేను కనబడితే చాలు, వెంటబడి తరిమేది. అయినా "ఎంత హాయిగా ఉందో" అని నవ్వుతూ తిరిగాను. రాజోలు టికెట్టు గుర్తొస్తే నవ్వు దానంతటదే వచ్చేది.

ఒక సాయంత్రం చెట్ల కింద పుల్లలు ఏరుతుంటే, ఇంటి వైపు నుంచి "ఏవండీ!" అని పిలుపు వినిపించింది. ఆడగొంతు, ఖంగుమంటోంది. చుట్టుపక్కల మేం తప్ప తెలుగువాళ్లు లేరు. సుధా నేనూ కాలేజీలో ఒకే క్లాసు. పెళ్లిపీటల మీద కూడా ఆమె నన్ను ప్రసాద్ అనే పిలిచింది. ఏవండీ అన్న మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. పైగా ఆ పాడైన గొంతుతో అంత గట్టిగా పిలవలేదు. అయినా లేచి ఇంటికేసి నడిచాను.

దారిలో సుధే ఎదురొచ్చింది, చేతిలో పారతో.

"ఎవర్ని ఏమేవ్ అంటున్నావ్?" అంది బొంగురుగా. "నాలుగు కోళ్లు పెంచేసరికి మొగుడి వేషాలొచ్చేశాయేంటి?"

నేను అనలేదని ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. నాకు వినిపించిన పిలుపు సంగతి మాత్రం చెప్పలేదు. తోటలో ఏదో ఉందంటే మర్నాడే పెట్టె సర్దుతుంది. "టీ తాగుదామని వచ్చాను" అన్నాను.

అప్పటినుంచి పొద్దుగూకే వేళకు అదే తంతు. నాకు ఏవండీ, తనకు ఏమేవ్. ఇద్దరం చేతిలో పని వదిలేసి దారి మధ్యలో కలుసుకునేవాళ్లం. టీ వంకతో పొయ్యి ముందు కూర్చుని, చీకటి పడేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్లం. నేను నీళ్ల మోటారు ఆపి చూశాను. గాలి లేని రోజు చూశాను. ఫోన్లు రెండూ ఆపేసి కారులో పెట్టి చూశాను. పిలుపు మాత్రం ఆగలేదు. కోడిపుంజును కూడా కొన్నాళ్లు అనుమానించాను.

గుట్టు బయటపెట్టింది రఫీక్. తోటలో మళ్లకు నీళ్లు పెట్టే బంగ్లాదేశ్ మనిషి. ఒకరోజు మా ఇద్దరి ముందే "ఎవండీ సాబ్, మోటర్ బంద్ కరూఁ?" అన్నాడు.

సుధ నావైపు చూసింది. ఆ పేరు నీకెవరు చెప్పారని నేను హిందీలో అడిగాను. రోజూ సాయంత్రం మేడమ్ మిమ్మల్ని పిలిచే పేరే కదా అన్నాడు, నాకు నా పేరే తెలియనట్టు.

ఇక దాచి లాభం లేకపోయింది. ఉన్నదంతా చెప్పేశాను. సుధ భయపడుతుందనుకుంటే, "ఎలాంటి గొంతు?" అని మాత్రం అడిగింది.

"నీదే. కాలేజీ నాటిది" అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చినంత పనైంది.

"ఏమేవ్ అన్నది నువ్వు కాదని నాకెప్పుడో తెలుసు" అంది. "చెబితే ఇదే సందని హవల్లీకి పరిగెడతావని చెప్పలేదు. ఎవరు పిలిస్తేనేంలే ప్రసాద్. పిలిచినప్పుడల్లా వచ్చావు."

ఎండలు ముదిరాయి. మా తోట కాపురం ఖలాస్. రాజోలు టికెట్టు ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ గుర్తుచేయలేదు. పుంజును సంతోషంగా రఫీక్‌కు అప్పగించి, రెండు గోంగూర కుండీలతో ఫ్లాటుకు తిరిగొచ్చాం.

మొన్న సాయంత్రం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని డ్రాయింగు గీస్తున్నాను. వాటిని దాటుకుని వినిపించింది, "ఏవండీ!" అని. లేచి వెళ్లాను. వంటింట్లోంచి సుధ గరిటెతో ఎదురొచ్చింది.

"పిలిచావా?" అంది.

"ఆఁ, పిలిచాను. నువ్వు?"

"నేనూ పిలిచాన్లే" అంది.

ఇద్దరం అబద్ధమే చెప్పాం. మరి పిలిచిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. కనిపెట్టాలని కూడా ఇప్పుడు లేదు. కనిపెడితే ఆ పిలుపు ఆగిపోతుందేమోనని భయం.