బెట్టకు పెట్టిన తోట

ఎడారి దేశంలో, అల్ తుమామాలో స్టేడియం లేస్తున్న రోజుల్లో నేను నీళ్ల ట్యాంకర్ నడిపేవాణ్ణి. ప్రపంచ కప్పు కోసం చుట్టూ నాటిన చెట్లకు పైపు పట్టేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక మామిడి రైతు. ప్రతి చెట్టు బెరడునూ గోరుతో గీకి, "పచ్చిగనే ఉన్నది" అనుకుంటే గాని నీళ్లు పెట్టేవాడు కాదు. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరిచినా అంతే. నాకు చిరాకేసేది.

వాళ్ల నాన్న ఊళ్లో అందరికంటే ముందు జొన్నచేలో మామిడి అంట్లు నాటాడట. ఆయన్ను చూసి ఊరంతా తోటలయ్యాయి, పూత మీదే బేరమాడే ఢిల్లీ సేట్లు వచ్చారు.

"మామిడికి చలికాలం నీళ్లు బంద్ జెయ్యాలన్నా. బెట్టకు పెడితెనే పూత," అనేవాడు నాతో.

ఆ ఏడూ ఇంటావిడకు ఫోన్లో అదే చెప్పాడు. పూత విరగబూసింది. పిందె పడ్డాక మోటారు వేస్తే, బోరు ఎండిపోయి గాలే వచ్చింది.

ఒక సాయంత్రం మేం నీళ్లు పెడుతుండగా ఆమె ఫోన్ చేసింది. స్పీకర్లో నాకూ వినబడింది.

"పిందెలు రాలినయి. ఇగ చెట్లే ఎండుతున్నయి."

"గోరుతోని గీకి సూడు."

"సూసిన. నువ్వు వద్దన్నప్పుడు బోరు మంచిగనే పోసింది."

అతను నెమ్మదిగా, "ఇంకో చెట్టు సూడు," అన్నాడు. కాసేపాగి, "దాని పక్కది."

అతని చేతిలో పైపు పారుతూనే ఉంది. పాదు నిండి, నీళ్లు ఇసుకలోకి పొర్లుతున్నాయి. ట్యాంకర్ మోటారు నా పక్కనే ఉంది. ఆపడానికి నాకు చెయ్యి రాలేదు.