ఒంటికి ఓర్పు నేర్పాలనుకున్న డాక్టరమ్మ

లాల్‌దర్వాజాలో కూరగాయల దుకాణం ముందు వాడిపోయిన క్యాబేజీ ఆకుల వాసన తగిలితే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. డెబ్బయ్యో దశకం చివర్లో మా ఆసుపత్రి వెనక గదిలో ప్రయోగాల కోసం పెంచే గినీపందులకు ఆ ఆకులే వేసేవాళ్లం. ఆ గది సుభద్ర మేడంది. గుంటూరు వైపు నుంచి వచ్చి పాతబస్తీలో స్థిరపడిన నరాల డాక్టరు ఆవిడ. నేను ఆవిడ దగ్గర జూనియర్‌ని. మేడం రోజంతా వార్డులో తిరిగి, సాయంత్రం ఆ గదిలో స్టూలు మీద కూలబడి, చెప్పులు విప్పేసేవారు.

ఒక వానాకాలం ధూల్‌పేట్ నుంచి యాదగిరి అనే అతన్ని నులకమంచం మీద మోసుకొచ్చారు. వినాయకుడి విగ్రహాలు చేసేవాడు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు వేయించుకున్నాడు. ఆ రోజుల్లో ఆ మందును గొర్రె మెదడుతో తయారుచేసేవారు. రేబిస్ రాలేదు గానీ, సూదులు పూర్తవుతుండగానే రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి.

“కుక్క కరిసింది చెయ్యి మీద. కాళ్లెందుకు పడిపోయినయమ్మా?” అని మేడంని అడిగాడు.

“మన ఒంట్లో కాపలా కణాలుంటాయి యాదగిరీ. బయటి నుంచి వచ్చినదాని మీద పడతాయి. ఆ మందులోని గొర్రె మెదడు మీద పడ్డాయి. నీ నరాల పైపొర కూడా అచ్చం అలాగే ఉంటుంది. తేడా తెలియక దాని మీదా పడ్డాయి.”

“గవి మనయే అని ఆ కాపలావాళ్లకు ఎవరన్న చెప్పొచ్చు గదా?”

“ఆ చెప్పే దారే వెతుకుతున్నాను” అన్నారు మేడం.

నిజంగానే వెతుకుతున్నారు. నరాల పొరలోని ప్రొటీన్‌ను కాపలా కణాలను రెచ్చగొట్టేలా ఎక్కిస్తే గినీపందుల కాళ్లు పడిపోయేవి. అదే ప్రొటీన్‌ను ముందుగా, కణాలను రెచ్చగొట్టని పద్ధతిలో ఇస్తే చాలావాటికి జబ్బు వచ్చేది కాదు. ఒంటి కాపలానంతా నీరసపరచకుండా, ఆ ఒక్కదాని పట్ల మాత్రం ఓర్పు నేర్పడం. ఆవిడ ఆశంతా అక్కడే. కానీ జబ్బు వచ్చాక ఇచ్చి చూస్తే కొన్ని లేచాయి, కొన్నిటికి ముదిరింది. ఎందుకో మాకు అంతుపట్టలేదు.

ఈ సంగతి వార్డులో ఎవరో యాదగిరి భార్య లక్ష్మమ్మకు చెప్పారు. ఆమె ఆ గది గుమ్మం దాకా వచ్చింది.

“ఆ మందు మా ఆయనకియ్యుండ్రి అమ్మా. ఏమన్న అయితే మిమ్మల్ని అనం.”

“ఆ గినీపందుల్లో కొన్నిటికి ఊపిరే ఆగిపోయింది లక్ష్మమ్మా. నీ భర్తకు ఏమవుతుందో నాకు తెలియదు.”

“గింత సదివినా తెల్వదా?”

“తెలియదు.”

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. గడప మీద కూలబడింది. మేడం వెళ్లి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నారు. ఆమె లేచేదాకా లేవలేదు.

ఒకసారి ఇచ్చి చూస్తే పోయేదేముందని తర్వాత నేనే అడిగాను.

“పోయేది మనది కాదు కాబట్టి అలా అనిపిస్తుంది సరోజా” అన్నారు.

వాపు తగ్గించే మామూలు మందులతోనే యాదగిరి నెమ్మదిగా తేరుకున్నాడు. పూర్తిగా కాదు. కుడికాలు ఈడ్చుకుంటూ, కర్ర సాయంతో ఇంటికి వెళ్లాడు. నిచ్చెనెక్కి పెద్ద విగ్రహాలకు రంగులు వేయడం మానేసి, కూర్చుని చిన్నవి చేసుకునేవాడు. ఆ పరిశోధన తేలకుండానే మేడం రిటైరయ్యారు. ఆఖరి రోజు ఖాళీ బోనులు కడుగుతూ, “అలసిపోయాను. ఈ దారి తప్పని అనుకోను. దూరం ఎక్కువ, అంతే” అన్నారు.

ఓర్పు నేర్పే ఆ చికిత్స ఇప్పటికీ పరీక్షల్లోనే ఉంది. మాకెప్పుడు అందుతుందని, ఒంటి కాపలాయే నరాల మీద పడే జబ్బులున్న నా పేషెంట్లు అడుగుతారు. తెలిసినంత చెబుతాను. తెలియదని చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం నిలబడి చెప్పను. ముందు వాళ్ల పక్కన కూర్చుంటాను. చెప్పాక కూడా వెంటనే లేవను.