చివరి అధ్యాయం కుట్టేసే కొట్టు

ఒకే సాయంత్రం, ఒకే మైకు ముందు, మనిషి ఎన్నిసార్లు మూర్ఖుడు కాగలడు? నా లెక్క ప్రకారం రెండుసార్లు. లెక్కల మాస్టారిని కాబట్టి ఈ ఒక్క విషయంలోనైనా నా మాట నమ్మవచ్చు. మొదటిసారి తెలియక అయ్యాను. రెండోసారి తెలిసే అయ్యాను. ఆ రెండోదే ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

భద్రాచలం దగ్గర ఒక గురుకుల పాఠశాలలో పనిచేస్తాను. సెలవుల్లో అపరాధ పరిశోధక నవలలు రాస్తాను. వాటిలో పరిశోధన మీ ఇన్‌స్పెక్టర్‌ది, అపరాధం మీది అని మా ఆవిడ అంటుంది. అచ్చయినవి రెండు. ఇది మొదటిదానితో మొదలైన సంగతి.

ఖమ్మం కమాన్ బజార్ వెనక సందులో ఒక పుస్తకాల కొట్టుంది. డిటెక్టివ్‌లు, దయ్యాలు, మాంత్రికులు, వేరే గ్రహాల మనుషులు తప్ప అక్కడ మరేమీ దొరకవు. పోటీ పరీక్షల గైడ్ల కోసం వచ్చి, వణుక్కుంటూ దయ్యాల నవల పట్టుకుపోయినవాళ్లు ఉన్నారు. ఊళ్లో దాన్ని దయ్యాల కొట్టు అంటారు. నడిపేది నాకంటే ఓ పదేళ్లు పెద్దావిడ, అక్కా అని పిలుస్తాను. వాళ్ల తాత, తండ్రి ఆఫీసు రిజిస్టర్లు, బడి లైబ్రరీ పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు. రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి వెళ్లిపోయాక ఆవిడ ముందుగదిలో ఈ పుస్తకాలు పెట్టింది. వెనకగదిలో సూది, దారం, జిగురు అలాగే ఉంచింది.

ఆ సూదీ దారమే మా రచయితల కొంప ముంచేవి. నెలకో ఆదివారం, సాయంత్రం నాలుగింటికి, ఒక రచయితను పిలుస్తుంది. నెల ముందే ఆ రచయిత పుస్తకాలు తెప్పించి, ప్రతి కాపీలోనూ చివరి అధ్యాయం అంచుల వెంట ఎర్రదారంతో కుట్టేస్తుంది. పాఠకులు మిగతాదంతా చదువుకుని ఆదివారం వస్తారు. హంతకుడెవరో ఊహించి, ఎందుకో కారణం చెప్పాలి. ఒక్కరు చెప్పగలిగినా రచయిత లేచి, కత్తెర తీసుకుని, అందరిముందూ ఆ దారం తానే కత్తిరించి చివరి అధ్యాయం చదవాలి. ఆ పుస్తకం ఇక గోడ అలమారాలోకి వెళ్లిపోతుంది. ఎవరూ చెప్పలేకపోతే దారం విప్పరు. గుమ్మం పక్కన ఉన్న గుండ్రటి బల్ల మీద ఆ పుస్తకం ఎప్పటికీ కుట్టుతోనే ఉంటుంది. కొనుక్కున్నవాళ్లు ఇంటికి పోయి విప్పుకోవాల్సిందే.

అప్పటికి ఆ బల్ల మీద నాలుగు పుస్తకాలున్నాయి. నాలుగూ బయటి ఊళ్ల రచయితలవి. మన ఉమ్మడి ఖమ్మం జిల్లా మనిషిది ఒక్కటీ లేదు. నాకు ఆ బల్ల కావాలి. ప్రమోషన్ కూడా అంత గట్టిగా కోరుకోలేదు. ఆ నెలంతా కుదురు లేదు. బోర్డు మీద వృత్తం గీసి, దానికి వ్యాసార్థం రాయకుండా నాలుగు పుస్తకాల బొమ్మలు వేశాను. పిల్లలు కూడా వేసుకున్నారు.

నా నవల క్లుప్తంగా ఇది. భద్రాచలం పక్కనే ఉన్న సారపాకలో ఒక లాడ్జి యజమాని హత్య. భార్య మీద అనుమానం. కానీ హత్య జరిగిన సమయానికి ఆమె ఖమ్మం నుంచి భద్రాచలం వస్తున్న ఎక్స్‌ప్రెస్ బస్సులో ఉన్నానని టికెట్ చూపిస్తుంది. తేదీ, సమయం, ఛార్జీ అన్నీ ముద్రించి ఉన్న అసలైన టికెట్. దాంతో ఆమె బయటపడుతుంది. అసలు సంగతేమిటంటే, బస్సులో వచ్చింది ఆమె తమ్ముడు. టికెట్ అతను తెచ్చి ఇచ్చాడు. హత్య ఆమే చేసింది. దీన్ని మా ఇన్‌స్పెక్టర్ ఎలా కనిపెడతాడంటే, ఆ టికెట్‌ను హైదరాబాద్ ల్యాబుకు పంపి, దానికి తమ్ముడి జేబులోని పొగాకు పొడి అంటుకుందని తేలుస్తాడు. ఎనిమిది పేజీలు. రసాయనాల పేర్ల కోసం మా సైన్స్ మాస్టారిని రెండు నెలలు వేధించాను.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికే కొట్టు దగ్గరికి చేరాను. కూర్చోబుద్ధి కాలేదు. సందు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. రెండు చాయ్‌లు తాగాను. మూడోది చెప్పి తాగకుండా వచ్చేశాను. నాలుగింటికి ముప్పైమంది దాకా వచ్చారు, ఎక్కువమంది ఆడవాళ్లే. ముందువరుసలో తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన, పుస్తకంలో అడుగడుగునా చీటీలు పెట్టుకుని కూర్చున్నాడు. తిరుమలాయపాలెం మనిషి, బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడని అక్క చెప్పింది. మైకు చేతిలోకి తీసుకుని నేను మొదట అన్న మాట ఇది: "ఈ జిల్లాలో నా ముడి విప్పేవాళ్లు ఇంకా పుట్టలేదు." సరదాకే అన్నాను. మైకు సరదాని పెద్దగా మోయదు.

మొదటి అధ్యాయం చదివాను. హంతకుడు లాడ్జి మేనేజరన్నారు ఇద్దరు. వంటమనిషి అన్నారొకరు. నా గుండె కాస్త కుదుటపడుతోంది, బల్ల వైపు ఒక చూపు కూడా వేశాను. అప్పుడు పెద్దాయన లేచాడు.

"సారూ, ఆ లాడ్జాయన పెండ్లామే చంపింది. టికెట్ ఆమెది గాదు, మొగోడు కొన్నది. తమ్ముడు ఇంట్ల పండుకున్ననని చెప్పిండు గద, ఆయన కొన్నడు."

"కారణం చెప్పాలి కదా," అన్నాను.

"గదే చెప్తున్న. టికెట్ మీద ఛార్జీ పడ్డదని నూటపద్నాలుగో పేజీల మీరే రాసిన్రు. ఎక్స్‌ప్రెస్ల ఆడవాళ్లకు పైసలు తీస్కోరు గద సారూ. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొడ్తరు. ఆమె ఈ జిల్లా మనిషే. ఆమె బస్సెక్కితే ఛార్జీ టికెట్ ఎట్లొస్తది?"

ఎనిమిది పేజీల రసాయనశాస్త్రం ఒక్క ముక్కలో ఆవిరైపోయింది.

ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. జీరో టికెట్ నా తలలోకే రాలేదు. వారం వారం ఆ బస్సులోనే తిరుగుతాను. జూలూరుపాడు నుంచి పాల్వంచ దాకా నిలబడే ప్రయాణం, చుట్టూ అందరూ ఆడవాళ్లే, అందరి చేతుల్లో జీరో టికెట్లే. నేను మాత్రం పై కమ్మీ పట్టుకుని, హంతకురాలి చేతిలో ఏ టికెట్ పెట్టాలా అని ఆలోచిస్తూ వచ్చాను. పరిశోధకుడికి ఉండాల్సింది పరిశీలన. నాకున్నది పరధ్యానం. రెండూ 'ప'తోనే మొదలవుతాయి.

మూడో వరుసలో ఒక టీచరమ్మ చెయ్యెత్తింది. "నేను గూడ చూసిన సార్. మీకు తెల్వక రాసిన్రనుకొని ఊకున్న." ఆమె పక్కనున్న ఇద్దరు ముగ్గురు కూడా అవ్, అవ్ అన్నారు. అంటే ఆ గదిలో సగంమందికి ముందే తెలుసు. తెలిసీ, నా పరువు కోసం నోరు మెదపలేదు.

అక్క నా వైపు తిరిగింది. ఆవిడ కొట్లో న్యాయం గట్టిది. రచయిత పొరపాటున రాసినదాన్ని పట్టుకుని చెబితే అది ఊహ కింద లెక్కకాదు, అచ్చుతప్పు కింద పోతుంది. కావాలని పెట్టిన జాడను పట్టుకుంటేనే లెక్క. అందుకని సూటిగా అడిగింది. "సార్, గీ టికెట్ సంగతి మీరు సోంచాయించి పెట్టిందేనా? లేకుంటే చూస్కోలేదా?"

నా మీద ముప్పై జతల కళ్లు. చూసుకోలేదని ఒప్పుకుంటే బల్ల నాది. కావాలనే పెట్టానంటే తెలివైన రచయితనవుతాను, కానీ పుస్తకం గోడకెక్కుతుంది. నెలరోజులు ఆ బల్ల కోసం తపించినవాణ్ణి, ఆ క్షణంలో ఏమన్నానంటే:

"అవునండీ. కావాలనే పెట్టాను. ఎవరు పట్టుకుంటారా అని చూస్తున్నాను."

చప్పట్లు మోగాయి. పెద్దాయన తృప్తిగా కూర్చున్నాడు. నేనూ ఒక్క నిమిషం తృప్తిగానే ఉన్నాను. అక్క కత్తెర చేతిలో పెట్టేదాకా, ఇక చదవాల్సింది కుట్టేసిన ఆ ఎనిమిది పేజీలేనన్న సంగతి గుర్తురాలేదు.

దారం కత్తిరించాను. చదివాను. ల్యాబు వచ్చింది. పొగాకు వచ్చింది. రసాయనాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. జీరో టికెట్ ఎక్కడా రాలేదు. మూడో పేజీకి వెనకవరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. అయిదో పేజీకి టీచరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పేజీలు త్వరగా తిప్పేద్దామని రెండు కలిపి తిప్పితే, కండక్టర్ గారు అప్పటికే దారం తెంపుకున్న తన కాపీలో చూస్తూ, "సారూ, ఒక పేజీ దాటేసిన్రు," అన్నాడు. వెనక్కి వెళ్లి అదీ చదివాను.

ఆ తర్వాత ఏడాది నాకు బస్సెక్కడం బస్సు కింద పడ్డట్టే ఉండేది. కండక్టర్ గారు రిటైరయ్యాడు కానీ డిపోకు రిటైర్ కాలేదు. రోజూ ఖమ్మం బస్టాండులో పాత మిత్రులతో కూర్చుంటాడు. కథ ఆయన నోట మొదలై డ్రైవర్లకు, కండక్టర్లకు, వాళ్ల ద్వారా భద్రాచలం దాకా చేరింది. ఏన్కూరులో ఎక్కినా కండక్టర్ అడిగేవాడు: "జీరో టికెట్ సార్ మీరేనా?" మా బడిలో తక్కువ మార్కులొచ్చిన పిల్లలు తమకూ జీరో టికెట్ వచ్చిందని చెప్పుకోవడం మొదలుపెట్టారు. నాకు కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేకపోయేవాణ్ణి. ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు గుసగుసలాడుతున్నారో చూస్తూ మెడ నొప్పి పుట్టేది. ఒకసారి నన్ను ఎవరూ ఏమీ అనకపోతే, ఎందుకనలేదా అని పాల్వంచ దాకా కలవరపడ్డాను.

రెండో నవల కూడా బస్సు చుట్టూనే రాశాను. మొండితనమే అనుకోండి. రాసినన్నాళ్లూ ఆయన గొంతు చెవిలో మోగుతూనే ఉంది. ప్రతి వాక్యం దగ్గర "గట్లెట్ల సారూ" అంటున్నట్టే ఉండేది. అచ్చుకిచ్చే ముందు ఇక తట్టుకోలేక, రాతప్రతి తీసుకుని తిరుమలాయపాలెం వెళ్లాను. చివరి అధ్యాయంతో సహా ఆయన చేతిలో పెట్టి, తప్పులుంటే చెప్పమని వేడుకున్నాను. నిజం చెబుతున్నాను, భయంతోనే ఇచ్చాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. నాలుగోరోజుకల్లా మా బడికే వచ్చేశాడు, ఎర్ర ఇంకుతో నిండిన రాతప్రతి సంచిలో పెట్టుకుని. ఏ బస్సు ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో, డ్రైవర్ ఎక్కడ మారతాడో, వరద వస్తే వంతెన మీద ఎలా పంపిస్తారో, అన్నీ మార్జిన్‌లో రాశాడు. లెక్కల మాస్టారినైన నాకు, తీసివేతలో తప్పు చేసి బస్సును బయల్దేరకముందే చేర్చానని చూపించాడు. మా మెస్‌లో భోంచేశాడు. పోతూ పోతూ అన్నాడు: "మీటింగు నాడు ముందల కుర్చీ నాకే ఉంచున్రి సారూ. జర మంచిగ అడుగుత."

ఆయన గేటు దాటాక గుర్తొచ్చింది. అక్క కొట్లో ఇంకో కట్టుబాటు ఉంది. చివరి అధ్యాయం ముందే తెలిసినవాళ్లు, అచ్చు వేసినవాళ్లయినా సరే, రచయిత ఇంటివాళ్లయినా సరే, ఆ సాయంత్రమంతా పెదవి విప్పకూడదు. ఊహించకూడదు, ఖండించకూడదు, తల కూడా ఊపకూడదు. మొదటి నవలప్పుడు మా ఆవిడ రెండు గంటలు అలాగే కూర్చుంది. తన పెళ్లయ్యాక అంత మౌనంగా ఉన్న సాయంత్రం అదొక్కటేనని ఆమే చెప్పింది. ఆ సంగతి పెద్దాయనకు చెబుదామా అని గేటు దాకా నడిచాను. బస్సు అప్పుడే వచ్చింది. చెప్పలేదు.

రెండో ఆదివారం మళ్లీ రెండింటికే చేరాను. మళ్లీ సందు కొలిచాను. కండక్టర్ గారు ముందువరుసలో ఠీవిగా కూర్చున్నాడు. మొదలుపెట్టకముందే గొంతు సవరించుకున్నాడు. అక్క ఆయన దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పింది. "సాబ్, మీరు ఆఖరిది చదివిన్రట గద, సారే చెప్పిన్రు. మీకు ఇయ్యాల మాట లేదు."

ఆయన నా వైపు చూశాడు. నేను మైకు సరిచేసుకున్నాను.

ఊహలు మొదలయ్యాయి. మెకానిక్కు అన్నారు, కాదు. పూలమ్మే ఆమె అన్నారు, కాదు. కారణాలన్నీ బస్సుల మీదే నడిచాయి, సగం తప్పులే. ప్రతి తప్పుకూ ఆయన కుర్చీలో ఒక అంగుళం ముందుకు జరిగి, మళ్లీ ఒక అంగుళం వెనక్కి జరిగాడు. జేబురుమాలు తీశాడు, మడిచాడు, మళ్లీ తీశాడు. ఏడాదిగా నాలో తిరుగుతున్న ఆ కుదురులేనితనమంతా ఆయనలోకి ఎక్కి కూర్చున్నట్టుంది. అరగంట గడిచింది. ఎవరూ చెప్పలేకపోయారు. అక్క లేచి నా పుస్తకాన్ని ఎర్రదారంతో సహా గుండ్రటి బల్ల మీద, అయిదోదిగా, పెట్టింది. నేను అప్పుడు పొందిన సంతోషం గురించి రాయను. రాస్తే మళ్లీ ఎనిమిది పేజీలవుతుంది.

అక్కడితో ఆగివుంటే నేను మంచివాణ్ణని చెప్పుకోవచ్చు. కానీ ప్రశ్నల సమయం మిగిలి ఉంది, దారం విప్పలేదు కాబట్టి ఆయన మౌనమూ మిగిలే ఉంది. బోనకల్ నుంచి రైల్లో వచ్చిన ఒక లెక్చరర్, మనిషెంత మర్యాదస్తుడో బస్సుల విషయంలో అంత అమాయకుడు, లేచి నిలబడ్డాడు.

"సార్, ఏన్కూరు మీదికెల్లి పోయే బస్సు కొత్తగూడెం కన్న ముందు ఇల్లందుల ఆగుతది గద. మీ హంతకుడు ఆడ దిగి ఉండచ్చు గద?"

ఇల్లందు దారి వేరు, ఏన్కూరు దారి వేరు. ఖమ్మంలోనే అవి విడిపోతాయి. మా బడిలో ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. కండక్టర్ గారి రెండు చేతులూ కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి. ఆయన సగం లేచాడు. అక్క వేలు పెదవి మీద పెట్టింది. కూర్చున్నాడు.

నేను ఆయన కళ్లలోకి సూటిగా చూస్తూ, లెక్చరర్‌కు జవాబు చెప్పాను. "అవునండీ, ఆగుతుంది. చాయ్ కోసం పది నిమిషాలు."

తర్వాత మైకు ఇంకొంచెం దగ్గరికి లాక్కుని, ఎవరికైనా ఇంకేమన్నా సందేహాలుంటే అడగమన్నాను, ముఖ్యంగా బస్సుల గురించి.